ముందే చెప్పిన సాక్ష్యం

మా సంఘంలో ఒక అలవాటుంది. ఎవరైనా దూర ప్రయాణం చేసి క్షేమంగా తిరిగొస్తే, ఆ ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. కొత్త కారు కొన్నా, గ్రీన్ కార్డు వచ్చినా, గాల్ బ్లాడర్ తీయించుకున్నా అంతే. చేతికి మైకు ఇస్తారు. నిలబడ్డవాళ్ళు ఒక్కో మేలూ చెబుతుంటే, కూర్చున్నవాళ్ళు ప్రతి మాటకీ "స్తోత్రం" అంటారు. అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో మేం ఒక స్కూలు కెఫెటేరియా అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకుంటాం. బల్లలు మడిచి గోడకు ఆనించి కుర్చీలు వేస్తే అదే చర్చి. గుంటూరులో లాగానే మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. కూర్చున్నాం, అంతే.

నేనూ మా ఆయనా ఏడు నెలలపాటు యూరప్ నుంచి ఆసియా చివరిదాకా తిరిగి, మొన్న వసంతంలో ఇల్లు చేరాం. కాబట్టి మా వంతు వచ్చింది. కానీ ఆ మైకు ముట్టుకోకూడదని నేను అప్పటికే ఒట్టు పెట్టుకుని ఉన్నాను. ఎందుకో చెప్పాలంటే ప్రయాణం కంటే ముందు సంగతి చెప్పాలి.

మాకు ఒక్కతే కూతురు. ఇక్కడే పుట్టి పెరిగింది. ఫిజికల్ థెరపిస్టుగా చేసేది. ఇరవై ఆరేళ్ళకు రక్త కాన్సర్ వచ్చింది. నాదేమో ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ రక్తం చూడటమే నా పని. ఒక గురువారం దాని రిపోర్టు బాగా వచ్చింది. ఒక్క రిపోర్టుతో ఏమీ తేలదని, ఇంకా చాలాసార్లు చూడాలని, ఆ చర్చిలో అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా ఆదివారం మైకు అందుకున్నాను. విశ్వాసం ఉన్నవాళ్ళు మేలు జరగకముందే కృతజ్ఞత చెబుతారని మేం చిన్నప్పటి నుంచీ విన్న మాట. "దేవుడు నా బిడ్డను స్వస్థపరిచాడు" అన్నాను. కెఫెటేరియా దద్దరిల్లేలా స్తోత్రం అన్నారు. నా పక్క కుర్చీలో అది మాస్కు పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది.

కార్లో ఇంటికొస్తుంటే అడిగింది.

"అమ్మా, నేను ఇంకా వెల్ అవలేదు కదా. అయిపోయింది అని ఎందుకు చెప్పావ్?"

"విశ్వాసంతో ముందే చెప్పాలమ్మా," అన్నాను.

"ఓకే," అంది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ చర్చి ఆంటీలు ఎవరైనా వస్తున్నారంటే చాలు, లేచి లిప్‌స్టిక్ వేసుకుని సోఫాలో నిటారుగా కూర్చునేది. "అయామ్ గుడ్ ఆంటీ" అనేది. వాళ్ళు వెళ్ళాక అక్కడే ఒరిగిపోయేది. నా మాట పోకూడదని ఐదు నెలలు బాగున్నట్టు నటించింది. నొప్పిగా ఉందని ఒక్కరి ముందైనా చెప్పుకునే వీలు లేకుండా చేసింది రోగం కాదు, నేను.

అది పోయాక ఇల్లంతా అల్యూమినియం ట్రేలు. ఎవరో ఒకరు వంట తెచ్చేవాళ్ళు, ప్రార్థన చేసి వెళ్ళేవాళ్ళు. చనిపోయింది అనరు మాలో. అందరూ అది ప్రభువులో నిద్రించింది అన్నారు. మేమూ అదే అన్నాం. మంచివాళ్ళే, వంక పెట్టడానికి లేదు. నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. మా ఆయన ప్రార్థన మానేసి ట్రేలు కడిగి గరాజ్‌లో పేర్చడం మొదలుపెట్టాడు. ఆ దొంతర ఆయన భుజందాకా వచ్చిన రోజున, మనల్ని ఎవరూ ఎరగని చోటికి పోదాం అన్నాడు. సరే అన్నాను. చచ్చిపోదాం అన్నా ఆ రోజుల్లో సరే అనేదాన్నే.

ప్రయాణం అనగానే చర్చిలో అందరూ యెరూషలేము అనుకున్నారు. టూర్ కాగితాలు కూడా తెచ్చిచ్చారు ఒకరిద్దరు. కాదు, లిస్బన్ అంటే ఆ కాగితాలు మళ్ళీ సంచిలో పెట్టుకున్నారు. లిస్బన్ ఎందుకో మాకూ తెలియదు. అక్కడి నుంచి తూర్పుకు ఆసియాదాకా నేలే ఉందని మా ఆయన మ్యాప్‌లో చూశాడు, అంతే.

ఇంతమంది డబ్బు దాచుకుని ఆశపడి వెళ్ళే ఊళ్ళన్నీ మేం చూశాం. నాకు ఏమీ అనిపించలేదు. సముద్రం ఉంది, చర్చిలున్నాయి, మెట్లున్నాయి. మా ఆయన కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదివేవాడు, అర్థం తెలియకపోయినా. ముప్పై ఏళ్ళుగా ఆ అలవాటుకు విసుక్కున్నదాన్ని, ఇప్పుడు విసుగు కూడా రాలేదు. గ్రీసులో ఓడ దిగేటప్పుడు నా చెయ్యి రెయిలింగ్‌కి గీరుకుని నెత్తురు కారింది. ఆయన చూపించేదాకా నేను చూసుకోలేదు.

టర్కీలో తూర్పుకు పోయే రైలు ఒకటుంది, ఒక పగలూ రాత్రీ దాటి నడుస్తుంది. మా పెట్టెలో ఒకావిడ యాపిల్ పండు చెక్కు తీసి మాకు ముక్కలు పెట్టింది. ఫోన్‌లో తన భాషలో ఏదో మాట్లాడి, స్క్రీన్ మా వైపు తిప్పింది. పిల్లలెంతమంది అని ఉంది. మా ఆయన ఫోన్ తీసుకుని నెమ్మదిగా టైపు చేశాడు. ఒక్కతే కూతురు, అమెరికాలో ఉంది. అబద్ధమేం కాదు. ఇంటికి నాలుగు మైళ్ళ దూరంలో, సమాధుల తోటలో ఉంది. ఆవిడ సంతోషించి ఇంకో యాపిల్ తీసింది.

ఆ తర్వాత అడగనివాళ్ళు లేరు. అమెరికాలో పాతికేళ్ళు పక్కింట్లో ఉన్నా అడగని ప్రశ్న, ఆ దేశాల్లో కూర్చోగానే అడుగుతారు. జార్జియాలో మేం దిగిన ఇంటి పెద్దాయనకు, అది ఫిజికల్ థెరపిస్టు అని, ముసలివాళ్ళను నడిపిస్తుందని చెప్పాం. ఆయన తన మోకాలు చూపించాడు. ఏ వ్యాయామం చెయ్యాలో మా అమ్మాయిని అడిగి చెబుతానన్నాడు మా ఆయన. నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

ఉజ్బెకిస్తాన్‌లో సమర్కండ్ వచ్చేసరికి మా అమ్మాయికి పెళ్ళయింది. ఆ మాట నేనే అన్నాను. టీ పోస్తున్న ఆడమనిషి అడిగితే నోటికొచ్చింది. అబ్బాయి ఏం చేస్తాడంటే మా ఆయన అందుకుని, స్కూల్ టీచర్ అన్నాడు. అప్పటిదాకా భోజనాల దగ్గర కూడా మాట్లాడుకోని మేం, ఆ రోజు బస్సులో అల్లుడి గురించి మాట్లాడుకున్నాం. టీచర్ అయితే సెలవులుంటాయి, మంచిదే అన్నాను. ఆయన తలూపాడు. ఆ ఏడు నెలల్లో సుఖంగా గడిచిన సాయంత్రం అదొక్కటే. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అనలేదు పెద్దలు. బుఖారాలో మా అమ్మాయికి ఐదో నెల. మేం దిగిన ఇంటావిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మర్నాడు పొద్దున మేం సంచులు సర్దుకుంటుంటే, చిన్న టోపీ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. నల్ల గుడ్డ మీద తెల్ల దారంతో పనితనం. పసిబిడ్డ తలకు సరిపోయేంత. ఆవిడ కూతురి పిల్లలు అందరూ పెట్టుకున్నదట. వద్దనలేక తీసుకున్నాను.

వీధి మలుపు తిరిగాక అడిగాను. "ఏమండీ, దీన్నేం చేద్దాం?"

ఆయన టోపీ తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇంక ఎవరికీ ఏం చెప్పొద్దు," అన్నాడు.

చెప్పలేదు. తాష్కెంట్ నుంచి బ్యాంకాక్‌కి విమానం ఎక్కాం. ముందు సీటు వెనకాల ఉన్న చిన్న తెరమీద మ్యాప్‌లో మా దేశం కనపడింది, దిగువన విశాఖపట్నం అని పేరు కూడా. మా వాళ్ళందరూ అక్కడే ఉన్నారు. దిగుదామని ఇద్దరిలో ఒక్కరం కూడా అనుకోలేదు. లావోస్, మలేషియా, సింగపూర్. ఆ దేశాల గురించి ఎవరైనా అడిగితే అన్నం బాగుందని చెబుతాను. ఇంటికి వచ్చాక మా ఆయన టోపీని ఫ్రిజ్ మీద పెట్టాడు. పాలకోసం వెళ్ళినప్పుడల్లా కనపడుతుంది.

ఆదివారం చర్చికి వెళ్ళాం. అందరూ వచ్చి చేతులు పట్టుకున్నారు. నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంచారు. పాటలయ్యాక పాస్టర్‌గారు, మన అమ్మగారు ఇన్ని దేశాలు తిరిగి క్షేమంగా వచ్చారు, సాక్ష్యం చెబుతారు అన్నారు. మైకు నా దాకా వచ్చింది. పక్కకు ఇచ్చేద్దామంటే పక్కన ఎవరూ లేరు. లేచాను.

మామూలుగానే మొదలుపెట్టాను. రాకపోకల్లో దేవుడు కాపాడాడు అన్నాను. స్తోత్రం అన్నారు. స్పెయిన్‌లో పాస్‌పోర్టులు రైల్లో మర్చిపోతే దొరికాయి అన్నాను. స్తోత్రం. జార్జియాలో ఈయనకు జ్వరం వచ్చి తగ్గింది అన్నాను. స్తోత్రం. అక్కడితో కూర్చుంటే ఏ గొడవా లేదు. కానీ దారిలో అందరూ పిల్లల గురించి అడిగారు అని నా నోరు అంది.

"అమ్మాయి ఉందని చెప్పాం. పెళ్ళయిందన్నాం. ఐదో నెల అన్నాం."

ముందు వరసలో ఒక పెద్దావిడ, అలవాటుగా, స్తోత్రం అంది.

"అబద్ధం చెప్పాం. దానికంటే పెద్ద అబద్ధం ఇక్కడే, ఈ మైకులోనే చెప్పాను నేను. బాగవకముందే బాగైపోయిందన్నాను. నన్ను అబద్ధాలకోరును చెయ్యకూడదని, మీరంతా వచ్చినప్పుడు అది లేచి కూర్చునేది. మా అమ్మాయి నిద్రపోలేదు. చనిపోయింది."

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టర్‌గారు కళ్ళు మూసుకున్నారు. మైకు పట్టుకున్న చెయ్యి నొప్పి పుడుతోందని నాకు తెలిసింది.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. మా ఆయన లేచాడు. మధ్యలో దారి దాటి ఇటు వచ్చాడు. ఎవరో మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

"అవును," అన్నాడు. "చనిపోయింది."

అని, ఆడవాళ్ళ వైపు, నా పక్కన, అది కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు.