దొరసాని మూల

పేరులోనే ప్రొద్దును పెట్టుకున్న ఊరు మాది. అందుకే కాబోలు, ప్రొద్దుటూరుకు రావడానికి చలికి మొహమాటం. డిసెంబరులో వచ్చినా గడప దగ్గరే నిలబడి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోతుంది. అయినా ఆ కాస్త చలికే మా ఇంట్లో స్వెట్టర్లు, మఫ్లర్లు, దుప్పటి కూర బయటికి వస్తాయి.

దుప్పటి కూర అంటే కింద పొట్టేలు కైమా, పైన మెత్తగా మెదిపిన ఉర్లగడ్డ, అంటే బంగాళాదుంప. ఉర్లగడ్డ దుప్పటి కప్పుకొని కైమా వెచ్చగా పడుకుంటుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు కాటేజ్ పై అట. పైన ఉర్లగడ్డ ఉంటుంది గనుక ‘పై’ అన్నారని చాలా ఏళ్లు అనుకున్నాను.

మా జేజి, అంటే మా నాయన తల్లి, జమ్మలమడుగులో మిషన్ బంగళాలో వంట చేసేది. ఈ వంట అక్కడి దొరసాని దగ్గర నేర్చుకుంది. దొరసాని కారం తినలేదు. జేజి కారం లేకుండా తినలేదు. ఉన్నది ఒకటే గిన్నె. అందుకని జేజి మడికి గట్టు వేసినట్టు గిన్నెలో ఉర్లగడ్డతో ఒక గట్టు కట్టి, ఒక మూల కారం లేని కైమా, మిగతా అంతా మన కడప కైమా నింపేది. గుండ్రటి గిన్నెకు మూల ఎక్కడిదని అడగకండి. లెక్కల అయ్యవారినైన నేనే అడగలేదు. పైన దుప్పటి కప్పేశాక ఏది ఎటుందో తెలియదు గనుక దొరసాని వైపు ఫోర్కుతో సిలువ గుర్తు గీసేది.

దొరసాని నేను పుట్టకముందే తన దేశం వెళ్లిపోయింది. ఆ మూల మాత్రం వెళ్లలేదు. జేజి తర్వాత మా మేనత్త కూడా దాన్ని ఏ చలికాలమూ మానలేదు.

“ఆమె రాదని తెలిసీ ఎందుకు చేస్తాండావత్తా?” అంటే, “వస్తే ఏం పెడతావురా, నీ తలకాయా?” అనేది.

పళ్లు సరిగా రాని పిల్లలకు ఆ మూల పెట్టేవాళ్లు. మా ఇంట్లో అందరం అక్కడ ఓనమాలు దిద్దుకొని కారంలోకి ప్రమోషన్ తీసుకున్నవాళ్లమే.

పోయిన చలికాలం అత్తకు కడుపు ఆపరేషన్ అయింది. కోలుకునేదాకా ఉండమని జమ్మలమడుగు నుంచి మా ఇంటికి తెచ్చుకున్నాం. డాక్టరు కారం ముట్టొద్దన్నాడు. ఎర్రకారం లేనిదే సంగటి ముద్ద తుంచని మనిషికి ఇడ్లీ, పెరుగన్నం పెడితే మొహం తిప్పుకునేది. “ఇదీ ఒక కూడేనా? సున్నం మింగినట్టుండాది” అనేది. చేతి గాజులు మోచేతి దాకా జారసాగాయి. ఇలాగే తినకుండా ఉంటే మళ్లీ ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తుందన్నాడు డాక్టరు.

మా ఆవిడది పులివెందుల. మాట చుట్టూ తిరగదు. “నువ్వు దిగులుగా కూర్చుంటే ఆమెకు బలమొస్తాదా? దుప్పటి కూర చెయ్యి. కారం లేని మూల ఉంటాది గదా” అంది.

“నాకు రాదే.”

“ఆమెకొచ్చు గదా. ఇంతకాలం పిల్లోళ్లకు చెప్పినావు, ఒగసారి చెప్పించుకో.”

పెరట్లో కుంపటి రాజేశాను. అత్త నిజమైన దుప్పటి కప్పుకొని కుర్చీలో కూర్చుంది.

“అవి ఎర్రగడ్డ ముక్కలా, ఇటికెలా?” అంది నేను తరిగిన ఉల్లిపాయలు చూసి.

“సన్నంగానే తరిగినా అత్తా.”

“నీకు కండ్లద్దాలు మార్చాల.”

రెండు కైమాలూ వేరువేరుగా వేయించాను. గట్టు కట్టాను. వెన్న, పాలు పోసి మెదిపిన ఉర్లగడ్డ కప్పాను. గీతలు గీయడం నా వృత్తి. ఫోర్కుతో స్కేలు పెట్టినట్టు గీశాను. మూత పెట్టి, కింద నిప్పులు, పైన నిప్పులు. సెగ సమంగా తగలాలని మధ్యమధ్య గిన్నెను తిప్పాను కూడా.

అప్పుడు అడిగింది అత్త. “సిలువ యాడేసినావు?”

నేను కుంపటి వైపు చూశాను.



“గీతలు శానా బాగా కుదిరినాయత్తా.”

“సమాంతర రేఖలు గదా పెద్దమ్మా, యాడా కలవవు. ఇంక సిలువ యాడనుంచి వస్తాది?” అంది మా ఆవిడ.

నాకు నవ్వు రాలేదు. తప్పు వైపు నుంచి ఒక్క చెంచా పోయినా ఆ కడుపు తట్టుకోదు. ఇది మనం తిని, ఆమెకు మళ్లీ చేద్దామన్నాను.

“నోరు మూసుకొని మూత తియ్” అంది అత్త.

నిప్పులు దులిపి మూత ఎత్తాను. ఆవిరి మొహానికి కొట్టింది. అది తేలిపోయాక చూస్తే, నా పిచ్చి గీతలు దున్నిన చేను మీద పొద్దు పొడిచినట్టు బంగారు రంగు తిరిగాయి. అంచు చుట్టూ కారం నూనె ఎర్రగా బుడబుడమంటోంది. ఒక్కచోట మాత్రం ఎరుపు లేదు. అక్కడ వెన్న పసుపుపచ్చగా, నిమ్మళంగా ఉడుకుతోంది. నేను గుర్తు పెట్టకపోయినా ఆ మూల తానెక్కడుందో తానే చెప్పింది. జేజి లేదు, దొరసాని లేదు. వాళ్లు కట్టిన గట్టు మాత్రం, నాలాంటివాడి చేతిలో పడి కూడా, తెగలేదు. ఇన్నేళ్లూ రాని మనిషి కోసం ఉంచామనుకున్నాం. అది ఎదురుచూసింది ఎవరి కోసమో అప్పుడు అర్థమైంది.

“మల్లా పళ్లు రాని దాన్ని చేస్తిరి గదరా నన్ను” అంటూ అత్త చెంచా అందుకుంది.

ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. మేమిద్దరం ఆ దవడలనే చూస్తున్నాం.

“ఉప్పు తక్కువైంది” అంది. ఇంకో చెంచా తీసుకుంది.

తర్వాత గిన్నె అడుగున చెంచా గీకుతున్న చప్పుడే. గట్టు దాకా వచ్చి ఆగింది. అవతలి ఎర్రటి కైమా వైపు చూసి నిట్టూర్చి, చెంచాతో గట్టును తట్టింది. “వచ్చే ఆదివారం దీన్ని కొంచెం అటు జరుపు.”

“దొరసాని వస్తే ఎట్ల పెద్దమ్మా?” అంది మా ఆవిడ.

“రానీ. నా పక్కన కూర్చోమను.”

మా సీమలో చేని గట్టు జరిపితే తలలు పగులుతాయి. ఆ ఆదివారం నేను సగం గిన్నె దాకా జరిపాను. సిలువ కూడా మరిచిపోలేదు.