అమ్మ బాప్తిస్మం, బియ్యం డబ్బాలో లెన్సు

అమ్మకి నీళ్ళంటే భయం. చిన్నప్పుడు కాలువలో జారిపడితే ఎవరో జడ పట్టుకుని పైకి లాగారట. అందుకే ముప్పై ఏళ్ళుగా చర్చికి వెళ్తున్నా బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మాది తల మీద నీళ్ళు చిలకరించే సంఘం కాదు, కాలవలోకి దింపి నిలువునా ముంచి లేపే సంఘం. ముగ్గురు పాస్టర్లు మారారు, ముగ్గురికీ "వచ్చే ఏడు చూద్దామండి" అనే చెప్పింది. బాప్తిస్మం లేనివాళ్ళకి ఇవ్వరు కాబట్టి నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుతుంటే ఆ పళ్ళెం తనని దాటి పక్కవాళ్ళకి వెళ్ళిపోయేది. అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

అలాంటి మనిషి ఈ మధ్య ఒకరోజు అన్నం తింటూ, "ఈ ఆదివారం తీసేసుకుంటాను రా. అరవై నాలుగొచ్చాయి, ఇంకెప్పుడు?" అంది. ఇంకో మాట కూడా అంది. "నేను లేచేటప్పుడు ఫోటో తియ్యి. కళ్ళు మూసుకునే ఉంటాను కదా, నాకేం తెలుస్తుంది? లేచానని నా కళ్ళతో చూసుకోవాలి."

నేను భీమవరంలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. ఫోటోలంటే పిచ్చి. కెమెరా కొత్తది, లోపల అద్దం ఉండని మిర్రర్‌లెస్ రకం. లెన్సు మాత్రం పాత కెమెరాది. రెండింటికీ పొంతన లేదు కాబట్టి మధ్యలో అడాప్టరు ఉంటుంది. మోటారు పైపుకి సైజు కుదరకపోతే సాకెట్ వేస్తామే, అలాంటిదే. కాకపోతే ఇందులోంచి కెమెరా చెప్పే కబురు కూడా లెన్సుకి వెళ్ళాలి, అప్పుడే ఫోకస్ కుదురుతుంది.

శుక్రవారం సాయంత్రం చూద్దును కదా, ఆ కబురు వెళ్ళడం లేదు. పెరట్లో అరటిగెల మీద పెడితే లెన్సు జుయ్యిమని ముందుకెళ్ళి, జుయ్యిమని వెనక్కొచ్చి, ఎక్కడా నిలవకుండా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఇక నేనూ అంతే. శనివారం సెలవు పెట్టాను. అడాప్టరుకి కంప్యూటర్‌లోంచి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ముఖాలు వెతికే సెట్టింగు తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. బ్యాటరీ మార్చాను. మధ్యలో అమ్మ వచ్చి, "కాలవలో ఇప్పుడు నీళ్ళెంతుంటాయి రా?" అని అడిగితే తలెత్తకుండా "నడుం దాకా" అన్నాను. కాసేపటికి మళ్ళీ వచ్చి అదే అడిగింది. "చెప్పాను కదమ్మా!" అని విసుక్కున్నాను.

చివరికి రాజమండ్రిలో కెమెరాలు బాగుచేసే ఆయనకి ఫోన్ చేశాను.

"లెన్సు ఎక్కడ పెడతారండి?" అన్నాడు.

"బియ్యం డబ్బాలోనండి. తేమకి బూజు పట్టకుండా."

"బియ్యంలో పురుగు పట్టకుండా ఏం కలుపుతారండి?"

"బోరిక్ పౌడరు."

"ఇంకేమండీ మరి! ఆ పొడి అంటుకునుంటుంది. లెన్సు వెనకాల బంగారు రంగు చుక్కలుంటాయి, వాటిని స్పిరిట్‌తో తుడవండి. అడాప్టరుక్కూడా."

ఫోన్ పెట్టేసి మా ఆవిడ మీద ఎగిరాను, బియ్యంలో అంత పౌడరు ఎవరు పొయ్యమన్నారని. "అన్నం వండుకోడానికి కలిపానండీ. మీ లెన్సులు దాచుకోడానిక్కాదు," అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది నా సంగతి. తుడిచాక లెన్సు బుద్ధిగా పని చేసింది. రోడ్డవతల గేదె చెవి మీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టేలా వచ్చాయి. అయినా నాకు నమ్మకం కుదరలేదు. చీకటి పడేదాకా ఆ గేదెని తీస్తూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున్నే అందరం కాలవ రేవుకి వెళ్ళాం. పాస్టరుగారు ముందుగా నీళ్ళలోకి దిగారు. వెనకాలే తెల్లచీరలో అమ్మ ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగింది. నేను పై మెట్టు మీద నిలబడి కెమెరా కంటికి పెట్టాను. ఎదురెండ నీళ్ళ మీద పడి ఒకటే తళతళ. లెన్సు మళ్ళీ మొదలెట్టింది. నీటి మెరుపు మీదికెళ్తుంది, అవతలి గట్టుకెళ్తుంది, అమ్మ మీద మాత్రం ఆగదు. ఇది మళ్ళీ తీసే ఫోటో కాదు, అమ్మ రెండోసారి దిగదు.

అమ్మ నడుంలోతులో ఆగిపోయి నా వైపు తిరిగి చెయ్యెత్తింది. రెడీయేనా అని అడుగుతోందనుకున్నాను. ఒక్క నిమిషం ఆగమని నేనూ చెయ్యెత్తి, తల దించుకుని మెనూలో వెతుకులాడాను. ఒడ్డున కంజీరలు మోగుతున్నాయి, పాట జోరుగా సాగుతోంది. ఆటోఫోకస్ కట్టేసి చేత్తోనే రింగు తిప్పాను. ఫోకస్ కుదిరిన అంచుల మీద తెరలో ఎర్ర గీతలు వస్తాయి. అవి పాస్టరుగారి చొక్కా దాటి అమ్మ చెంప మీదికి వచ్చాయి. సరిగ్గా అప్పుడే సంఘంలో ఒకావిడ చీర తడుస్తున్నా లెక్కచెయ్యకుండా నీళ్ళలోకి దిగి ఫ్రేములోకి అడ్డంగా వచ్చేసింది. ఒళ్ళు మండిపోయింది. "కొంచెం పక్కకండీ!" అని అరిచాను. ఆవిడకి వినపడలేదు. పాస్టరుగారు ముంచారు, లేపారు, నేను నొక్కాను.

వచ్చింది. కనురెప్పల మీద నీటిబొట్లతో సహా వచ్చింది. ఇంటికెళ్ళేదాకా ఆగలేక, జుట్టింకా కారుతుండగానే అమ్మకి చూపించాను. అమ్మ తన మొహాన్ని చాలాసేపు చూసుకుంది. ముంగురులు నుదుటికి అతుక్కుని, నోరు తెరుచుకుని, అప్పుడే పుట్టిన పిల్లలా ఉంది.

"అన్నీ బావున్నాయమ్మా, పక్కన ఈవిడే పానకంలో పుడకలా అడ్డొచ్చింది," అన్నాను. "ఏం ఫర్లేదులే, కంప్యూటర్లో తీసేస్తాను."

అమ్మ తెర మీద ఆవిడ చేతిని చూపించింది. ఆ చేతిని అమ్మ రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"తియ్యకు రా," అంది. "భయమేసి నిన్ను పిలిచాను. ఆవిడొచ్చింది."