మిల్వాకీలో పన్నెండున్నర చుట్లు

మా మిల్వాకీ ప్రయాణానికి కారణాలు రెండు: మా ఆవిడ కరుణ కాళ్ళు, నా నోరు. రెండేళ్ళుగా ఆమె మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెల్లారగానే పోటీ నడక సాధన చేస్తోంది. అరవై దాటినవాళ్ళ జాతీయ అమెచ్యూర్ పోటీలు ఆ జూలైలో మిల్వాకీలో అన్నారు. ఆమె విభాగంలో పేర్లిచ్చింది ముగ్గురే. పతకాలూ మూడే.

అడిగింది దొరికిందని ముందే నమ్మాలని చిన్నప్పటినుంచి చర్చి సంఘంలో నేర్చుకున్నవాణ్ణి. ఆదివారం ఆరాధనలో లేచి, "కరుణకి పతకం వచ్చింది, దేవునికి స్తోత్రం" అని సాక్ష్యం చెప్పేశాను. పోటీకి ఇంకా ఆరు రోజులుంది. సంఘంవాళ్ళు వచ్చే ఆదివారమే కృతజ్ఞతా కూడిక పెట్టి, ఎనభై మందికి బిర్యానీ ఆర్డర్ చేసేశారు.

"పతకం రాకపోతే ఆ బిర్యానీ ఏ మొహంతో తింటామండీ?" అంది కరుణ.

"అవిశ్వాసపు మాటలు మాట్లాడకు" అన్నాను.

శుక్రవారం ఉదయం ఏడింటికి డియర్‌బోర్న్‌లో రైలెక్కాం. టికెట్లు ముందుగా తీసుకుంటే చవక. తిండి మాత్రం ఇంటినుంచి తెచ్చుకోవడం మేలు; మేము చపాతీలు, కోడివేపుడు తెచ్చుకున్నాం. పదిన్నరకి షికాగో. అక్కడి గడియారం మా ఊరికన్నా గంట వెనక. ఒంటిగంటకి మిల్వాకీ రైలు.

అందులో పక్క సీటు పెద్దాయన కోడివేపుడు వాసనకి పేపరు దించాడు. ఒక ముక్క ఇచ్చాం. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ రెండోది అడిగాడు. మా సంగతి విని, "మా నాన్న కూడా మిల్వాకీలో పరుగెత్తాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, జాతీయ అమెచ్యూర్ పోటీల్లో. పగలు ఉత్తరాలు పంచేవాడు, సాయంత్రం పరుగు. ఆరో స్థానం వచ్చింది" అన్నాడు.

"చాలా గొప్ప విషయం" అన్నాను.

"పరుగెత్తింది ఆరుగురే. అయినా ఆయన ఛాతీమీద కట్టుకున్న నంబరు గుడ్డ ఇప్పటికీ మా హాల్లో ఫ్రేములో ఉంది."

"పతకం రాకపోయినా ఫ్రేము కట్టారా?" అంది కరుణ, నావైపు చూస్తూ. నేను కిటికీలోంచి పొలాలు చూశాను.

మోటెల్ నుంచి స్టేడియానికి పది నిమిషాల నడక. శనివారం తొమ్మిదింటికి పోటీ. ఐదు కిలోమీటర్లు, అంటే పన్నెండున్నర చుట్లు. ఒక పాదం ఎప్పుడూ నేలమీదే ఉండాలి. రెండూ లేచాయని ముగ్గురు జడ్జీలు ఎర్ర కార్డులిస్తే ఇంటికే. సంఘం అక్కలు కుట్టిచ్చిన బ్యానరు కట్టబోయాను. దానిమీద పరుగుపందెం గురించిన బైబిల్ వాక్యం ఉంది.

"ఏవండీ, పరుగెత్తితే నన్ను బయటికి పంపిస్తారు. అది మడిచెయ్యండి."

"దేవుని వాక్యాన్ని మడవమంటావా?"

"ఈ ముప్పావుగంట మడవండి."

బ్యానరు మడిచాను. నోరు మాత్రం మడవలేకపోయాను. "త్వరగా! ఇంకా త్వరగా! హల్లెలూయా!" అని నేను అరిచినప్పుడల్లా ఆమె కాళ్ళు తొందరపడ్డాయి. ఏడో చుట్టు ముగిసేసరికి బోర్డుమీద ఆమె నంబరు పక్కన రెండు ఎర్ర గుర్తులు. ఇంకొకటి పడితే పతకమూ లేదు, నా సాక్ష్యమూ అబద్ధమే. ఎనభై మంది బిర్యానీ కళ్ళముందు కదిలింది.

నా ముందునుంచి వెళ్తూ కరుణ అరిచింది: "దేవుడికి చెవుడు లేదండీ! మీరు కాసేపు నోరు మూసుకోండి!"

ఉపవాస ప్రార్థనల్లో మైకు లేకుండా మూడు గంటలు ప్రార్థించగలవాణ్ణి. బ్యానరు అంచు పళ్ళమధ్య పెట్టుకుని కూర్చున్నాను. మిగతా ఇద్దరూ ముగించారు. చివరి మలుపులో ఒక జడ్జి వంగి ఆమె పాదాలు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. తర్వాత నిటారుగా నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కరుణ గీత దాటింది. ముగ్గుర్లో మూడోది. స్తోత్రం చెబుదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది.

సాయంత్రం షికాగోలో తిరుగు రైలెక్కాం. సంఘంలో యువతుల నాయకురాలు షారోన్ ఫోన్ చేసింది.

"అంకుల్, కేక్ మీద గోల్డా, సిల్వరా?"

"బ్రాంజ్ అమ్మా."

"సూపర్ అంకుల్! రేపు సాక్ష్యం మీరే, ప్రిపేర్ అవ్వండి."

కరుణ ఫోన్ లాక్కుంది. "రేపు సాక్ష్యం నేను చెప్తానమ్మా."

"మెడల్ గురించేనా ఆంటీ?"

"మెడల్ ముగ్గురికీ ఇచ్చార్లే. మీ అంకుల్ పావుగంట మాట్లాడకుండా కూర్చున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ ప్రార్థనమ్మా అది!"

మిల్వాకీ మంచి ఊరు, సరస్సు గాలి చల్లగా ఉంటుంది. వెళ్ళేవాళ్ళు చపాతీలు తీసుకెళ్ళండి, బ్యానర్లు ఇంట్లో వదిలేయండి. కరుణ తన నంబరు గుడ్డని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకుంది. నేను ఆమేన్ అన్నాను. మెల్లగానే.