మొదటి మలుపు వైపు చూడని బెవ్ ఆంటీ

ఈ సాయంత్రం పాప మాడుకు పెడదామని చిన్న గరిటెలో ఆముదం పోసి స్టవ్ మీద ఉంచాను. అంతలో పాప ఏడ్చింది. ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి నూనె కాగిపోయి సన్నగా పొగ లేస్తోంది. కమ్మగానూ, కొంచెం వెగటుగానూ ఉండే ఆ మాడు వాసనకు మా అమ్మ అయితే కిటికీలు తెరిచి నన్ను నాలుగు తిట్టేది. నాకు మాత్రం మా మనురేవా పేటలో ఒక రేకుల షెడ్డు గుర్తొచ్చింది. అందులో వరుసగా నిలబెట్టిన బక్కపల్చని మోటార్ సైకిళ్ళు, వాటి మధ్య భుజాన పాత గుడ్డ వేసుకుని తిరిగే బెవ్ ఆంటీ. గరిటె కడిగి, మళ్ళీ కొత్తగా నూనె గోరువెచ్చగా చేసి పాపకు పెట్టాను. ఇల్లు సద్దుమణిగింది కాబట్టి ఇది రాస్తున్నాను.

స్పీడ్‌వే గురించి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఈ దేశానికి రాకముందు నాకూ తెలియదు. కోడిగుడ్డు ఆకారంలో ఒక చిన్న మట్టి ట్రాకు. నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు, నిమిషం పైచిలుకులో పందెం అయిపోతుంది. బండికి ఒకటే గేరు ఉంటుంది, బ్రేకులు అసలే ఉండవు. ఎప్పుడూ ఎడమకే తిరగాలి. మలుపులో వెనక చక్రం పక్కకు జారిపోతుంటే ముందు చక్రాన్ని కుడికి తిప్పి పట్టుకుని, ఉక్కు తొడుగు వేసిన ఎడమ కాలిని నేలకు ఆనించి పోతారు. ఆ ఇంజన్లలో ఆముదం నుంచి తీసిన నూనె పోసేవారు. అది కాలిన వాసన ట్రాకు చుట్టుపక్కల వీధుల్లో, పందేలు జరిగే శనివారం రాత్రంతా ఉండేదట. ఒకప్పటి రైడర్ల బండ్లు, తోలు దుస్తులు, ఉక్కు తొడుగులు ఆ షెడ్డులో దాచి దానికి మ్యూజియం అని పేరు పెట్టారు. జీతం తీసుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. తలుపు తీసి, దుమ్ము తుడిచి, వచ్చినవాళ్ళకు కథ చెప్పేది బెవ్ ఆంటీ. బండ్ల బాగోగులు చూసేది డెస్ అని ఒక పాత రైడరు. ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచేవారు.

నేను అక్కడికి మోటార్ సైకిళ్ళ మీద ఇష్టంతో వెళ్ళలేదు. అప్పటికి పాప పుట్టలేదు. ఆ షెడ్డుకు ఎదురుగా రోడ్డు అవతల మా పెద్దవాడు నిహాల్ వెళ్ళే కిండీ ఉండేది. కిండీ అంటే బడి వయసు రాని పిల్లల్ని ఇక్కడ పంపే చోటు. నిహాల్‌కు ఏడాది వయసులో జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. చాలామంది పిల్లలకు వస్తాయి, పెద్దయితే పోతాయి అన్నారు డాక్టరు. మళ్ళీ రాలేదు కూడా. కానీ ఆ రోజు పాలు పొంగుతున్నాయని నేను వంటింట్లోకి వెళ్ళిన కాస్తలోనే అది జరిగింది. నేను మైక్రోబయాలజీ చదివాను. నా చూపుకూ వాడి ఫిట్స్‌కూ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. అయినా ఆ తర్వాత వాడి మీదనుంచి చూపు తిప్పుకోవడం నాకు చేతకాలేదు.

కిండీలో టీచరు మర్యాదగానే చెప్పింది, నేను కనబడుతున్నంతసేపూ వాడు ఏడుస్తాడని, వెళ్ళిపొమ్మని. నేను వెళ్ళాను, రోడ్డు దాటేంతవరకు. షెడ్డు గోడ పక్కన నిలబడితే కిండీ కంచె మీదుగా ఇసుక గుంట కనబడుతుంది. మా ఆయన కిరణ్ పనిలోంచి ఫోన్ చేసేవాడు.

“ఏందే, ఇంకా ఆడనే ఉన్నవా? నువ్వట్ల కంచె పొంటి చూస్తుంటే ఎవరన్న పోలీసులకు చెప్తరు.”

“చెప్తే చెప్పనీ.”

“గింత టెన్షన్ ఎందుకు మరి? కిండీ మాన్పించి ఇంట్లనే పెట్టుకో.”

విసుగులో అన్నాడు గానీ, నేను దాన్ని అనుమతిగానే తీసుకున్నాను. వాణ్ణి మాన్పించడమా, కొనసాగించడమా అన్నది ఆ టర్ము అయిపోయేలోపు తేల్చాలని అనుకున్నాం. నా మనసు ఎటు మొగ్గిందో నాకు తెలుసు.

బెవ్ ఆంటీ మొదటిసారి షెడ్డు తలుపు తీసుకుని బయటికి వచ్చినప్పుడు నేను ఆ గోడ దగ్గరే ఉన్నాను. పొట్టి మనిషి, తెల్లటి పొట్టి జుట్టు, చేతులకు గ్రీజు. ఆవిడ ఇంగ్లీషులోనే మాట్లాడేవారు, కానీ ఎందుకో ఆ మాటలు నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

“మా బండ్లు దొంగిలించడానికి చూస్తున్నావా?”

“అయ్యో, లేదండీ. మా బాబు అక్కడ కిండీలో…”

“దొంగిలించేదానివైతే ముందు లోపలికి వచ్చి చూసుకోవాలి కదా. ఒక్కదాంట్లోనూ చుక్క ఇంధనం లేదు, నెట్టుకుంటూ పోవాలి. టీ తాగుతావా?”

పేరు బెవర్లీ అన్నారు, బెవ్ అని పిలవమన్నారు. మా అమ్మ కన్నా పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. బెవ్ ఆంటీ అన్నాను. “ఈ వీధిలో సగం మందికి నేను ఆంటీనే. నువ్వూ చేరు,” అన్నారు. కిటికీ దగ్గర కుర్చీ వేశారు. అక్కడినుంచి ఇసుక గుంట ఇంకా బాగా కనబడేది. చేతికి ఒక గుడ్డ, ఒక చక్రం ఇచ్చారు. “ఎటైనా చూసుకో. చేతులు మాత్రం పువ్వలు తుడవనీ.” పువ్వలంటే చక్రం ఊచలు. సైకిలు షాపుల్లో మనం అనే మాటే నాకు అలా గుర్తుండిపోయింది.

ఒక రోజు కిండీ అయ్యాక నిహాల్‌ను లోపలికి తీసుకొచ్చాను. బెవ్ ఆంటీ వంగి వాడి తల వాసన చూసి కళ్ళు పెద్దవి చేశారు. పొద్దున నేను వాడి మాడుకు ఆముదం పెట్టి పంపాను.

“డెస్! ఇలా రా. ఈ పిల్లాడి తల శనివారం రాత్రి వాసన వేస్తోంది!”

డెస్ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, డాక్టరులా గంభీరంగా వాడి తల వాసన చూశారు. “ఊఁ. ఇంజన్ మంచి కండిషన్‌లో ఉంది. నూనె కొంచెం ఎక్కువ పోశారు,” అన్నారు. నిహాల్ నవ్వాడు. నేను పక్కన ఉండగా వాడు ఇంకొకరి మాటకు నవ్వడం నేను అప్పటికి పెద్దగా చూడలేదు.

చూడటానికి వచ్చినవాళ్ళు బ్రేకులు లేవని వినగానే తప్పకుండా ఒక మాట అనేవారు: జీవితం కూడా ఇంతే కదా అని. ఆవిడకు అది గిట్టదు. “జీవితం సంగతి నాకు తెలియదు. ఇది మోటార్ సైకిలు. ఒకడు బ్రేకు వేస్తే వెనకవాడు వాడి మీదికి ఎక్కుతాడు, అందుకని పెట్టలేదు,” అని ఇంకో బండి దగ్గరికి నడిచేవారు.

ఆవిడ కొడుకు గ్రాంట్ కూడా రైడరేనని నాకు డెస్ చెప్పారు. పందెంలో అన్నిటికన్నా ప్రమాదం మొదటి మలుపులో. నలుగురూ ఒకేసారి అక్కడికి చేరతారు, చోటు ఒక్కరికే ఉంటుంది. ఆ మలుపు దాటితే బండ్లు ఒకదాని వెనక ఒకటిగా విడిపోతాయి. బెవ్ ఆంటీ ప్రతి శనివారం సరిగ్గా ఆ మలుపు దగ్గరే, కంచెకు ఆనుకుని, ట్రాకుకు వీపు తిప్పి నిలబడేవారట. చూసేవారు కాదు, వినేవారు. ఇంజన్ల చప్పుడు తెగకుండా మలుపు దాటితే అప్పుడు ఇటు తిరిగేవారు.

“ఒకసారి చప్పుడు తెగింది,” అన్నారు డెస్, స్పానర్ తుడుచుకుంటూ. “ఈవిడ కంచె దూకి ట్రాకు మీదికి పరిగెత్తింది. గ్రాంట్ బండి పక్కన నిలబడి ఉన్నాడు, ఒంటి మీద గీత లేదు. పడింది నేను. మధ్యలో అడ్డంగా పడి ఉన్నాను. నన్ను గుంట దాటినట్టు దాటుకుని వెళ్ళి వాణ్ణి కావలించుకుంది.”

“నువ్వు బురదగా ఉన్నావు. నావి కొత్త బూట్లు,” అన్నారు బెవ్ ఆంటీ.

“నా కాలు విరిగి ఉంది!”

“బూట్లు చాలా ఖరీదైనవి, డెస్.”

ఇద్దరూ నవ్వారు. ఎన్నిసార్లు ఆడిన నాటకమో అది. డెస్ బయటికి వెళ్ళాక ఆవిడ కాసేపు ఒక ట్యాంకును తుడిచి, నా వైపు చూడకుండానే చెప్పారు. “డెస్ వాళ్ళమ్మ కూడా కంచె దగ్గరే ఉంది. నేను దాటడం చూసింది. తర్వాత శనివారం టీ బల్ల దగ్గర తనే నాకు కప్పులో పోసి ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. ఆ టీ తాగడం కష్టమైంది.” గుడ్డ దులిపి పక్క ట్యాంకు అందుకున్నారు. తర్వాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

వసంతంలో, పందేల కాలం మొదలయ్యే ముందు, ఒక పాత బండిని ఆరుబయట స్టార్ట్ చేయడం ఆ మ్యూజియం ఆచారం. మోగని ఇంజన్ ఉత్త ఇనుమని డెస్ అనేవారు. ఆ ఏడు కిండీ పిల్లల్ని కూడా తీసుకొస్తామని టీచర్లు అడిగారు. సంగతి తెలిసి నేను బెవ్ ఆంటీతో చెప్పేశాను, ఆ రోజు నిహాల్‌ను పంపనని. అంత చప్పుడు వాడు తట్టుకోలేడని. టర్ము చివర కిండీ కూడా మాన్పించేస్తున్నామని.

ఆవిడ నాకు నచ్చజెప్పే ప్రయత్నం చేయలేదు. “సరే. కానీ నువ్వు రావాలి. గేటు దగ్గర నాకు ఒక మనిషి కావాలి. కాపలా కాయడంలో నిన్ను మించినవాళ్ళను నేను చూడలేదు. పిల్లాణ్ణి తీసుకురాకపోతే నువ్వు రావు కాబట్టి, వాణ్ణి కూడా తీసుకురా.”

“గేటు దగ్గరినుంచి వాడు కనబడతాడా?”

“కనబడడు. గేటు వైపు చూడాలి కదా. నువ్వు బండి వైపు చూస్తే రోడ్డు వైపు ఎవరు చూస్తారు?”

గేటుకు గొళ్ళెం సరిగా పడేది కాదు. అవతల బస్సులు తిరిగే రోడ్డు. ఆ రోజు నిహాల్‌ను మిగతా పిల్లల దగ్గర వదిలి, నేను వాళ్ళకు వీపు తిప్పి, రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడ్డాను. డెస్ బండిని స్టాండు మీదికెత్తి వెనక చక్రం చేత్తో తిప్పారు. ఒకటి రెండుసార్లు దగ్గి, ఇంజన్ ఒక్కసారిగా అందుకుంది. రేకులు అదిరాయి. ఆ చప్పుడు చెవుల్లో కన్నా పక్కటెముకల్లో తెలిసింది. వెనకనుంచి పిల్లల కేకలు. కొన్ని సంతోషంతో, కొన్ని భయంతో. వాటిలో నిహాల్ గొంతు వెతికాను. దొరకలేదు.

తిరిగి చూద్దామని సగం తిరిగానో లేదో, రెండు జడల పిల్ల ఒకతి చెవులు మూసుకుని, కళ్ళు కూడా మూసుకుని, నా పక్కనుంచి గేటు వైపు పరిగెత్తింది. సేలా అని, టోంగా దీవులవాళ్ళ అమ్మాయి. గేటు తోసుకుని బయట అడుగు పెట్టబోతుండగా నడుము పట్టుకుని ఎత్తాను. తన్నింది. అమ్మా అని అరిచింది. నా జాకెట్ తెరిచి దాని తల లోపలికి తీసుకుని, రెండు చేతులతో చెవులు కప్పాను. ఇంజన్ ఆగడం లేదు. నా వెనక నా కొడుకు ఎలా ఉన్నాడో తెలియదు. చేతుల్లో ఉన్న పిల్ల గుండె మాత్రం నా గుండెకు తగులుతోంది. తిరగలేదు. ధైర్యం వచ్చి కాదు, తిరిగితే ఈ పిల్ల చెవులు వదలాలి కాబట్టి.

ఇంజన్ ఆగాక చూశాను. నిహాల్ బెవ్ ఆంటీ చంకలో ఉన్నాడు. ముక్కు కారుతోంది, కనురెప్పలు తడిసి ఉన్నాయి, చేతిలో సగం తిన్న బిస్కెట్. ఆవిడకు మోకాళ్ళ నొప్పి, వాడు బరువు.

“ఐ క్రైడ్,” అన్నాడు నాతో, ఏదో వార్త చెబుతున్నట్టు. “దెన్ ఐ స్టాప్డ్.”

వాడు ఏడ్చాడు. అప్పుడు నేను లేను. నేను చూసేసరికి ఏడుపు అయిపోయింది కూడా. నేను భయపడినదంతా, నేను లేకుండా, మొదటినుంచి చివరిదాకా జరిగి ముగిసింది. బెవ్ ఆంటీ నా జాకెట్‌లోంచి వేలాడుతున్న రెండు జడలను చూశారు, నన్ను చూశారు. “మనం పిల్లల్ని మార్చుకుందామా, లేక ఇలాగే ఇంటికి పోదామా?” అన్నారు.

ఆ సాయంత్రం కిరణ్ అడిగాడు. “మరి ఏం జేద్దాం? మాన్పిద్దామా?”

“రేపు లంచ్ బాక్స్‌ల ఏం పెట్టాల్నో చెప్పు,” అన్నాను. కిరణ్ లేచి ఫ్రిజ్ తెరిచాడు.

నేను మ్యూజియానికి వెళ్ళడం మానలేదు. కుర్చీ కిటికీ దగ్గరినుంచి లోపలి బల్ల దగ్గరికి ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. జరిపింది ఆవిడో, నేనో కూడా తెలియదు.

పోయిన చలికాలంలో బెవ్ ఆంటీ నిద్రలోనే పోయారు. అంత్యక్రియల తర్వాత అందరూ షెడ్డులో టీ తాగుతుంటే గ్రాంట్‌ను కలిశాను. బట్టతల, నెమ్మదైన మాట. పందేలు ఎప్పుడో మానేసి హామిల్టన్ అనే ఊళ్ళో ప్లంబింగ్ పని చేసుకుంటున్నారు. మీరు మొదటి మలుపు తిరగడం మీ అమ్మగారు ఎప్పుడూ చూడలేదట, మీకు తెలుసా అని అడిగాను.

“తెలుసు,” అన్నారాయన. “అమ్మ ఎర్ర కోటు వేసుకునేది. నేను అటు దూసుకొస్తుంటే దుమ్ములో ఏమీ కనబడేది కాదు, ఆ ఎర్ర వీపు తప్ప. దాన్ని చూసే బండి ఎక్కడ వంచాలో తెలుసుకునేవాణ్ణి. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. చెబితే, ఎంత భయమైనా నా కోసం ఇటు తిరిగి నిలబడేదేమో.”

నాకు భయం తగ్గిందని రాయలేను. పాప నిద్రపోతుంటే ఇప్పటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఇది రాస్తూ కూడా లేచి చూసి వచ్చాను. నిహాల్ బడికి వెళ్తున్నాడు. వాడు ఏడ్చి ఊరుకున్న సందర్భాలు నాకు తెలియనివి చాలానే ఉండి ఉంటాయి. అప్పుడు ఎవరో ఒకరు వాణ్ణి దగ్గరికి తీసుకునే ఉంటారు. వాళ్ళెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే, పార్కులో ఏ పిల్ల పడి ఏడ్చినా, అది ఎవరి పిల్ల అని మిగతావాళ్ళు తల తిప్పి చూసేలోపే నేను బెంచీ మీదనుంచి లేచి ఉంటాను.