మా పంతులు దేవుణ్ణి అడిగిన ఒక్క మాట

మా పంతులు పోయినాడు. మొన్న బేస్తవారం పొద్దున ప్రార్థన గుడి గంట వేళగాని వేళ మోగితే, ఏండ్ల తరబడి మంచాన ఉన్న ఆయన పెండ్లాం, మా పంతులమ్మే పోయింది అనుకున్నా. ఊరంతా అట్లనే అనుకున్నది. "పాపం, ఇన్నేండ్లకు ఆమెకు విడుదల దొరికింది" అనుకుంటా పాలెం ఆడోళ్లు ఆ ఇంటికి నడిచినారు. తీరా చూస్తే పంతులమ్మ మంచం మీద కండ్లు తెరుచుకొని ఉంది. పంతులును కింద చాప మీద పండబెట్టి ఉన్నారు. చలిజ్వరం నాలుగు రోజుల్లో తీసుకపోయింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదని అడగొద్దు.

మీలో చానామందికి ఆయన తెలియడు. గిద్దలూరు నుంచి కొమరోలు పోయే దోవలో మా పాలెం, అందులో మిషను బడి, ఆ బడికి ఆయన పంతులు. మా నాయన నన్ను బడి మానిపించి గొర్ల ఎంబడి పంపుతానంటే, పంతులు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. నాయన ఒప్పుకునేదాకా లేవలేదు. ఈ పొద్దు నేను అదే బడిలో పిల్లోళ్లకు చదువు చెప్తున్నానంటే ఆ మొండితనమే కారణం.

పంతులమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో నీళ్ల కుండ నెత్తిన పెట్టుకొని పాటలు పాడుకుంటా వచ్చేదంట. నాకు తెలివి వచ్చేసరికే మంచాన పడింది. అదేం రోగమో ఎవరికీ అంతు చిక్కలేదు. ఒక నెల గోడ పట్టుకొని నడిచేది, ఇంకో నెల గంటె ఎత్తలేకపోయేది. జ్వరం ఉండదు, పుండు ఉండదు, దుప్పటి తగిలితే మాత్రం నొప్పికి ఏడ్చేది. పంతులు బండి కట్టించి, రైలెక్కించి మిషను ఆసుపత్రికి తీసుకపోయినాడు. దొరసాని డాక్టరు చూసి చూసి, "ఈ రోగం పేరే తెలియదు, మందేమిచ్చేది పంతులూ" అన్నదంట. మద్రాసు పోయినా అదే మాట. తిరిగొచ్చి ఆయన మాతో, "పేరు తెలియకపోతే మానె, పని తెలుసు గదా, చేసుకుంటా పోతాం" అన్నాడు.

చేసుకుంటానే పోయినాడు. పొద్దున్నే జొన్న సంకటి కెలికి, ఆమెకు తినిపించి బడికొచ్చేవాడు. మధ్యలో మాకు ఎక్కాలు వల్లె వేయమని చెప్పి, ఇంటికి పోయి ఆమెను పక్కకు తిప్పి వచ్చేవాడు. ఒకే పక్కన పడుకుంటే ఒళ్లు ఒరిసిపోతుందని. జడ గూడ ఆయనే వేసేవాడు. అది ఎప్పుడూ ఒక చెవి పక్కకు పోయేది. "ఈ జడతో పరలోకం పోతే దేవదూతలు ఎనక్కి పంపుతారు" అని ఆమె ఎగతాళి చేసేది. ఆయనకు విసుగు రాలేదని నేను చెప్పను. ఒకసారి పెరట్లో సట్టి నేలకేసి కొట్టి, మొగం కప్పుకొని ఏడుస్తా కనపడినాడు. నన్ను చూసి, "సంకటి మాడింది బిడ్డా" అన్నాడు.

సంఘంలో కొందరికి ఇంకో అనుమానం. ఆమెలో ఏదో దాచిన పాపం ఉంది, ఒప్పుకుంటే లేస్తుంది అనేవాళ్లు. "పాపం నాలోనూ ఉంది పెద్దయ్యా, నేను తిరుగుతున్నా గదా" అనేవాడు పంతులు. ఆ కాలంలోనే ఆయన తల్లి, కొడుకు బడిలో ఉండగా, పెద్దారవీడు పక్క నుంచి తాయెత్తు తెచ్చి కోడలి దండచేతికి కట్టింది. సంఘ పెద్దలకు తెలిసింది. తాయెత్తు కట్టినోళ్లకు ప్రభు బల్లలో రొట్టె లేదు. నెలకోసారి పాస్టరయ్య రొట్టె, ద్రాక్షరసం ఆమె మంచం కాడికి తెచ్చిచ్చేవాడు, అది ఆపేసినారు. తెంపి పారేస్తే సరిపోయేది. పంతులు తెంపలేదు. "మా అమ్మ భయపడి కట్టింది. ఆమె కండ్ల ముందర తెంపి ఆ ముసలి ప్రాణాన్ని ఏడిపించమంటారా? భయానికి శిక్ష ఏందయ్యా?" అన్నాడు. ఆ నెల గుడిలో రొట్టె పళ్లెం తన ముందరికొస్తే ముట్టకుండా పక్కనున్నాయన చేతికిచ్చి, ఇంటికి పోయి ఆమె పక్కన కూర్చున్నాడు. ముసలామె బతికినన్నాళ్లూ అంతే. ఆమె పోయినాక తాయెత్తు తానే ఇప్పినాడు. ఆ ఆదివారం పాస్టరయ్య పళ్లెం పట్టుకొని వాళ్లింటికే వచ్చి ఇద్దరికీ ఇచ్చినాడు. తలెత్తి మాత్రం చూడలేకపోయినాడు.

సందేళ ఆ ఇంట్లో ప్రార్థనకు మేమూ పోయేవాళ్లం. పంటల కోసం, వానల కోసం అడిగినాక పంతులు చివర్న ఒకటే అడిగేవాడు. "ప్రభువా, ఈమెను నా చేతుల మీదనే సాగనంపి, ఆ తరువాత నన్ను పిలువు. ఈమెను ఒకరి చేతిలో పెట్టి నేను రాలేను." అందరికంటే గట్టిగా పంతులమ్మ ఆమేన్ అనేది. ఆయన తన కోసం ఇంకేమీ అడగంగ నేను ఇనలేదు.

సమాధి చేసినప్పటి నుంచి పంతులమ్మ దగ్గర నేనే ఉంటున్నా. మూడో రోజు జావ తాగిస్తా ఉంటే నోరు ఆగలేదు. "ఆయన అడిగింది ఒక్కటే గదమ్మా, అది గూడ ఇయ్యలేదు నీ దేవుడు" అన్నా.

ఆమె జావ చాలని గిన్నె పక్కన పెట్టమన్నది. తరువాత, "ఆయన అడిగినదానికి నోటితో ఆమేన్ అంటి. కడుపులో మాత్రం రోజూ వేరే అడిగినా" అన్నది. "ఆయన్నే ముందు పిలువమని అడిగినా. నేను పోతే ఆ మనిషి బడి నుంచి ఎవరి కోసం ఇంటికొస్తాడు? సంకటి ఎవరికని కెలుకుతాడు? నాకా, పడుకొని ఓర్చుకోవడం అలవాటే. నా కాళ్లడిగితే ఇయ్యలేదు, చేతులడిగితే ఇయ్యలేదు. ఇది ఇచ్చినాడు బిడ్డా."

ఆమె గోడవైపు తిప్పమంటే తిప్పినాను. ఆ మట్టిగోడ మీద, మనిషి కింద కూర్చుంటే తల ఆనే ఎత్తులో, నూనె మరక ఉంది. ఇన్నేండ్లు ఆయన మంచం పక్కన కూర్చొని ఆనుకున్న చోటు. ఆమె చెయ్యి మెల్లిగా దానివైపు జరిగింది. అందలేదు. నేను లేచి మంచాన్ని గోడకు ఆనించినాను.