లిఫ్టక్క మెట్ల నడక

ఎనిమిదంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపే యాభై ఆరేళ్ల ఆమెను అందరూ లిఫ్టక్క అంటారు. రోజూ భోజనం కాస్త అరగగానే స్టూలు మీంచి లేచి, మోకాళ్లు రుద్దుకుని, నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కి దిగుతుంది. నెలసరి ఆగినప్పుడు పీడ విరగడైందని సంబరపడింది. రెండేళ్లకు బీపీ పట్టుకుంది. "ఇన్నాళ్లూ రక్తనాళాలను కాచిన హార్మోను తగ్గిందమ్మా, అవి బిరుసెక్కుతున్నాయి. మాత్ర వేసుకో, నడువు" అంది డాక్టరమ్మ.

మొన్న లిఫ్టులో అకౌంట్స్ మేడం చెమట తుడుచుకుంటూ, "ఫ్యాను తిరగట్లేదా?" అని విసుక్కుంది.

"గిర్రున తిరుగుతోంది మేడం. మీకూ నెలసరి ఆగిపోయిందా?"

మేడం మెల్లగా తలూపింది. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదట.

"బీపీ చూపించుకోండి మరి."

మర్నాడు చూపించుకుని వచ్చిన మేడం మెట్ల దగ్గర నిలబడింది.

"ఇవాళ్టికి రెండో అంతస్తు చాలు" అంటూ లిఫ్టక్క రెయిలింగు వైపు ఆమెకు వదిలి, పక్కనే నడిచింది.