సాంచాల చప్పుడులో చిల్లర డబ్బా

నా చిన్నప్పుడు మేం సూరత్ పక్క వడోద్‌లో ఒకే ఒక్క గదిలో ఉండేవాళ్లం. మా బాపు మరమగ్గాలు నడిపేవాడు. మావాళ్లు వాటిని సాంచాలంటారు. షెడ్డులో సాంచాలు నడుస్తుంటే చెవిలో అరిచినా వినపడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు.

మా పక్క గదిలో నా ఈడు పిల్ల ఉండేది. దానికి గుండెలో రంధ్రం. బొంబాయి తీసుకెళ్తే బతుకుతుందన్నారు. వాళ్ల నాన్న కూడా మా బాపు పనిచేసే షెడ్డులోనే కూలి. ఆ ఖర్చుకు చిల్లర పోగుచేయడానికి, పగారు (జీతం) ఇచ్చే రోజున బాపు పాలపొడి డబ్బా ఒకటి నా చేతికిచ్చి, నన్ను వెంటబెట్టుకుని సాంచాల మధ్య తిరిగేవాడు. చిల్లర వేసేవాళ్లు పిడికిలి డబ్బాలో పెట్టి, లోపలే తెరిచేవారు. లేనివాళ్లూ అంతే, ఖాళీ పిడికిలి పెట్టి తీసేవారు. ఆ చప్పుడులో ఎవరు వేశారో, ఎవరు వేయలేదో పైవాడికే ఎరుక. సాంచాలు ఆగినప్పుడు మాత్రం డబ్బా బయటికి తీయొద్దని బాపు గట్టిగా చెప్పాడు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాకేమో ఒళ్లు మండేది. అన్ని చేతులు లోపలికి పోయినా డబ్బా సగం కూడా నిండేది కాదు. దొంగ మొహాలు, వేసినట్టు నటిస్తున్నారని తిట్టుకునేదాన్ని. మూడో పగారు రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. బాపు చాయ్ తాగడానికి బయటికి వెళ్లాడు. చప్పుడు వినపడితే సిగ్గుకైనా వేస్తారని, నేనొక్కదాన్నే డబ్బా పట్టుకుని బయల్దేరాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నిజంగానే వేశారు. డబ్బా ఠంగుఠంగుమంటుంటే నాకు ఎక్కడలేని సంబరం. చివరికి ఒక మామ దగ్గర ఆగాను. ఆయన అంతకుముందు బొంబాయి మిల్లులో చేసినవాడు. అక్కడి ఆసుపత్రి దారులు తెలిసింది మాలో ఆయనొక్కడికే. పిల్లను వెంట ఉండి తీసుకెళ్తానని మాటిచ్చిందీ ఆయనే. అలవాటు కొద్దీ పిడికిలి డబ్బాలో పెట్టి తెరిచాడు. ఏ చప్పుడూ రాలేదు.

"ఏంది మామా, గాలి ఏసినవా? ఇన్నొద్దులు గిట్లనేనా?" అన్నారెవరో. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన చెయ్యి బయటికి తీయడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున ఆయన మా గదికొచ్చి, మూడు రైలు టికెట్లు బాపు చేతిలో పెట్టి, సామాను సర్దుకుని, ఇంకో మగ్గాల ఊరైన భివండీ వెళ్లిపోయాడు. పగారులో చేతిలో మిగిలిందంతా, నేను డబ్బా పట్టుకుని పోకముందే ఆ టికెట్లకు పెట్టేశాడట. కోపమో, సిగ్గో, బాపు ఎంత బతిమాలినా ఆగలేదు. ఆ టికెట్ల మీద పిల్లను తీసుకుని వాళ్ల అమ్మానాన్నలే వెళ్లారు. ఎవరిని అడగాలో, ఏ కాగితం ఎక్కడ చూపించాలో తెలియక నాలుగు రోజులు తిరిగి తిరిగి వచ్చేశారు. మళ్లీ వెళ్లే దారి వెతుక్కునేలోపే, వానలు పడకముందే ఆ పిల్ల పోయింది.

బాపు నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. చాలా రోజుల తర్వాత, డబ్బా కడుగుతూ ఒక్క మాటన్నాడు. "సాంచాల చప్పుడుంటేనే లేనోడు గూడ అందరి లెక్క చెయ్యి వెడ్తడు బిడ్డా."

మొన్న మా కోడలు, సూరత్ దగ్గరి సచిన్ అనే ఊళ్లో తను పనిచేసే ఫ్యాక్టరీలో ఎవరి పిల్లాడి వైద్యానికో చిల్లర పోగుచేస్తూ, నా మనవరాలిని కూడా వెంట తీసుకెళ్తానంది. వాళ్లది చీరలు మడతపెట్టి ప్యాకింగ్ చేసే చోటు, చప్పుడేమీ ఉండదు. డబ్బా అడుగున పాత తువ్వాలు మందంగా మడిచి వేసి మనవరాలి చేతికిచ్చాను. ఎందుకు నానమ్మా అని అడిగింది. బాపులాగా ఊరుకోకుండా అంతా చెప్పాను. ఆ రోజు నేనూ నవ్వానన్నది మాత్రం చెప్పలేకపోయాను.